డస్టర్ ముందు స్ట్రట్‌లు: షాక్ బాగానే ఉంది, కొంప ముంచింది మౌంటు

రెనో డస్టర్ కారు ఫోర్ వీల్ డ్రైవ్ రకం గురించి ఇప్పటికే అందరూ రాసేశారు కాబట్టి ఇంజిన్, మైలేజీ, 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ జోలికి నేను పోను. నా గోలంతా ముందు స్ట్రట్‌ల గురించే (షాక్ అబ్జార్బర్, దాని చుట్టూ స్ప్రింగ్ కలిపి చక్రం పైన నిలువుగా ఉండే భాగం), అందులోనూ స్ట్రట్ నెత్తిన కూర్చునే అరచేతంత రబ్బరు మౌంటు, దాని కింద ఉండే బేరింగ్ గురించి. రెండూ కలిపినా షాక్ ధరలో ఓ మూలకి రావు, కానీ ఈ బండిలో నన్ను ఇంతగా ఏడిపించింది ఇంకోటి లేదు.

మేముండేది విశాఖలో సముద్రం పక్కన సాగర్‌నగర్, అత్తారిది కొండ మీది పాడేరు. అంటే ఇంటి దగ్గరున్నంతసేపూ ఉప్పుగాలి, బయల్దేరితే చోడవరం దాటాక వడ్డాది వైపు బీఎన్ (భీమిలి-నర్సీపట్నం) రోడ్డు గోతులు, ఆపైన ఘాట్. కంపెనీ స్ట్రట్‌లు ఎనభై వేల కిలోమీటర్లు దాటేదాకా ఆగాయి, ఆ రోడ్డుకి అది ఎక్కువే. తర్వాత ఎడమ పక్క షాక్ మీద ఆయిల్ కారి, దుమ్ము పట్టి నల్లగా చారిక కట్టింది. పైపైన సన్నటి చెమ్మ ఉంటే కంగారు పడక్కర్లేదు, శుభ్రంగా తుడిచాక మళ్లీ కింది దాకా తడిసిందంటే మాత్రం లోపలి ఆయిల్‌ని ఆపే సీలు పోయినట్టే. పోయింది ఒకటే అయినా రెండు పక్కలా మార్పించుకోవాలి, ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే గోతిలో పడ్డప్పుడు, బ్రేకు కొట్టినప్పుడు రెండు చక్రాలూ ఒకేలా పట్టవు.

ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి తీసుకెళ్లాను, పేరు వద్దులెండి. కొంచెం గట్టి రకం గ్యాస్ షాక్‌లు నేనే కొనిచ్చి, మౌంట్లు, బంప్ స్టాపులు, డస్ట్ బూట్లు (షాక్ రాడ్‌కి దుమ్ము పట్టకుండా ఉండే తొడుగులు) కూడా కొత్తవి వెయ్యమన్నాను. మేస్త్రి పాత బేరింగ్‌ని వేలితో తిప్పి, "ఇవి గట్టిగానే ఉన్నాయి గురువుగారూ, ఇంకో జత షాక్‌లు చూస్తాయి" అని వాటినే మళ్లీ బిగించేశాడు. చేతిలో పట్టుకుని వేలితో తిప్పితే ఏ బేరింగైనా తిరుగుతుంది, దాని సంగతి తెలిసేది బండి ముందు బరువు మీద పడ్డాక కదా!

మొదట్లో మాత్రం భలే ఉంది. మలుపుల్లో బండి ఒరగడం తగ్గిపోయింది, ఘాట్‌లో అమ్మవారి పాదాలు అనే చోటు దాకా వెళ్లినా మా ఆవిడ వాంతి బిళ్ల అడగలేదు. కనిపించినవాళ్లందరికీ ఈ షాక్‌లే వేయించుకోమని చెప్పేశాను.

ఆ తర్వాత మొదలైంది మోత. పార్కింగులో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే చాలు, గట్టి తీగ మీటినట్టు ఠంగ్! మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రావడం కూడా బద్ధకించింది. ఒకరు లింక్ రాడ్లన్నారు, మార్పించాను, మోత అలాగే ఉంది. ఇంకొకరు లోయర్ ఆర్మ్ బుష్‌లన్నారు. మూడో ఆయన ఏకంగా స్టీరింగ్ రాక్ మార్చాలన్నాడు, ఆయన చెప్పిన రేటు విని ఇంటికొచ్చి మంచినీళ్లు తాగాను.

చివరికి మర్రిపాలెంలో ఒక పెద్దాయన తేల్చేశాడు. నన్ను స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమని, తను చక్రం సందులోంచి స్ప్రింగ్ మీద చెయ్యి పెట్టి చూశాడు. స్టీరింగ్ తిప్పితే స్ట్రట్ మొత్తం దాంతోపాటే తిరగాలి, అలా తిరగనిచ్చేది పైనున్న బేరింగే. అది పట్టేస్తే స్ప్రింగ్ మెలిపడి, మెలిపడి, ఒక్కసారిగా విడుచుకుంటుంది. రెండు నిమిషాల పని, దానికి నెలల తరబడి తిరిగాను.

విప్పితే బేరింగ్‌లో తుప్పు, మౌంటు రబ్బరు నిలువునా పగులు. అంతకన్నా కడుపు మండిన విషయం ఇంకోటుంది. షాక్ రాడ్ మీద ప్లయర్ పళ్ల గాట్లు! ఆ రాడ్ కొసన అలెన్ కీ పెట్టి పట్టుకోవడానికి బెజ్జం ఉంది, అయినా ఆ షెడ్డులో నట్టు బిగించేటప్పుడు రాడ్‌నే ప్లయర్‌తో పట్టుకున్నారు. క్రోమ్ మీద గాటు పడితే అది కిందికీ పైకీ ఆడిన ప్రతిసారీ సీలుని కోస్తూనే ఉంటుంది. కొత్త షాక్ అప్పటికే చెమ్మెక్కింది. మళ్లీ జత కొన్నాను, అదే రకం, ఈసారి కంపెనీ మౌంట్లతో సహా.

పెద్దాయన పని మాత్రం ముచ్చటేసింది. స్ప్రింగ్‌ని కంప్రెసర్‌తో రెండు వైపులా సమంగా నొక్కి, అది సీటు మీంచి వదులైందని చూశాకే నడి నట్టు ముట్టుకున్నాడు (ముందే విప్పితే అది ఎగిరి ప్రాణం తీస్తుంది, ఇంట్లో స్పానర్లు ఉన్నాయి కదా అని ఎవరూ ప్రయత్నించకండి). బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా హబ్‌ని తీగతో కట్టాడు. చక్రాల అలైన్‌మెంట్ చేయించకుండా ఘాట్ ఎక్కొద్దన్నాడు. మన బండికి అది ఇంకా ముఖ్యం, ముందు టైర్లు తొందరగా అరిగి వెనకవాటితో తేడా వస్తే ఆ భారం వెనక చక్రాలకి పవర్ పంపే కప్లింగ్ మీద పడుతుంది.

మోత పోయింది. వానాకాలంలో పాడేరు నుంచి రాగానే చక్రాల గూళ్లు మంచినీళ్లతో కడుగుతున్నాను, డస్ట్ బూట్ చిరిగిందేమో చూస్తున్నాను. అయినా స్ప్రింగ్ కింది చుట్టు సీటులో ఆనేచోట తుప్పు తొంగి చూస్తోంది, సముద్రం పక్కన తప్పదు.

షాక్‌ల విషయానికొస్తే, ఘాట్ గురించి నేను చెప్పిందంతా నిజమే గానీ, ఒక్కడినే ఆఫీసుకి వెళ్లేటప్పుడు రోడ్డు మీది చిన్న చిన్న గీతలు కూడా మణికట్టుకి తెలుస్తున్నాయి. ఎంవీపీ కాలనీ, సిరిపురం మధ్యే తిరిగేవాళ్లు కంపెనీవే వేయించుకుంటే సుఖం. మరి నేను మళ్లీ ఇవే కొంటానా అంటే, వచ్చేటప్పుడల్లా మా మావగారు డిక్కీలో కాఫీ గింజలు, మిరియాల బస్తాలు ఎక్కించడం మానేదాకా కొంటాను.