పోస్ట్‌గ్రెస్ సెర్చ్‌లో స్టాప్‌వర్డ్స్: కొన్నేళ్లు వాడాక

ఒక లాయర్ ఆఫీసు దస్తావేజులు వెతకడానికి కొన్నేళ్లుగా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని ఫుల్ టెక్స్ట్ సెర్చే (పత్రాల లోపలి పదాలను వెతికే సదుపాయం) వాడుతున్నాను. వేగానికి వంక పెట్టలేం. ఇంకో సర్వర్ పెట్టుకునే బాధ కూడా తప్పింది. అయితే మాటిమాటికీ వచ్చే పదాలను, అంటే స్టాప్‌వర్డ్స్‌ను, అదేం చేస్తుందో తెలుసుకోకుండా మాత్రం పనిలోకి దించకండి.

ఇంగ్లిష్ కాన్ఫిగరేషన్‌తో (ఇంగ్లిష్ పాఠానికి వాడే సెట్టింగులు) పాటు 127 స్టాప్‌వర్డ్స్ జాబితా వస్తుంది. ‘ది’, ‘ఆఫ్’ లాంటివి ఇండెక్స్‌లోకే, అంటే వెతకడానికి కట్టుకునే పదాల పట్టికలోకే, వెళ్లవు. సరే, కానీ అందులో ‘విల్’ కూడా ఉంది! ఇంగ్లిష్‌లో అది సహాయక క్రియ, వీలునామాకీ అదే మాట. వీలునామాల కోసం వెతికే ఆఫీసులో ఇది చిన్న దెబ్బ కాదు. ‘విల్’ అని కొడితే ఏమీ రాదు. ‘విల్ డీడ్’ అంటే ఇంకా ఘోరం, ‘డీడ్’ ఒక్కటే మిగిలి సేల్ డీడ్‌లు, గిఫ్ట్ డీడ్‌లు అన్నీ వచ్చిపడతాయి. స్టెమ్మింగ్ (పదం చివరి ప్రత్యయాలు కత్తిరించి మూలరూపానికి తేవడం) కంటే ముందే జాబితా చూస్తుంది కాబట్టి ‘విల్స్’ మాత్రం దొరుకుతుంది. గుమస్తాకి ఇదంతా ఎలా తెలుస్తుంది?

‘సింపుల్’ కాన్ఫిగరేషన్‌లో ఏ పదమూ పోదు, కానీ స్టెమ్మింగ్ పోతుంది. పైగా ఫలితాలను వరుసలో పెట్టే టీఎస్ ర్యాంక్ ఫంక్షన్ ఒక పదం మొత్తం పత్రాల్లో ఎంత అరుదో చూడదు. ఎలాస్టిక్‌సెర్చ్ అనే వేరే సెర్చ్ ఇంజన్‌లోని బీఎం25 ర్యాంకింగ్ సూత్రం అయితే ‘ది’ విలువను దానంతట అదే తగ్గించేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో మాత్రం ‘ది’కీ, ‘ఈజ్‌మెంట్’ (ఇతరుల స్థలాన్ని దారి లాంటి వాటికి వాడుకునే హక్కు) లాంటి అరుదైన మాటకీ తేడా లేదు. అందుకే జాబితా పూర్తిగా ఎత్తేయమని నేను చెప్పను, సొంతంగా రాసుకోమంటాను.

ఏ పదం ఎన్ని పత్రాల్లో ఉందో టీఎస్ స్టాట్ ఫంక్షన్ చెబుతుంది. మా లెక్కలో ‘సెయిడ్’ పైన తేలింది. దాన్ని జాబితాలో చేర్చి, ‘విల్’ తీసేసి, ఆ జాబితా వాడే కొత్త డిక్షనరీతో ఇండెక్స్ మళ్లీ కట్టాను. ‘విల్’ క్రియగా వాడిన పత్రాలూ ఇప్పుడు వస్తాయి, నిజమే. కానీ పోస్ట్‌గ్రెస్ 9.6 వెర్షన్ నుంచి ఉన్న ఫ్రేజ్ సెర్చ్‌తో (పదాలు పక్కపక్కనే ఉన్నచోట్లే వెతకడం) ‘విల్ డీడ్’ అని వెతికితే నేరుగా వీలునామా మీదికే వెళ్తుంది. ఒక్క ఇబ్బంది, జాబితా ఫైలు సర్వర్ డిస్క్ మీదే ఉండాలి. ఫైళ్లు ముట్టనివ్వని క్లౌడ్ డేటాబేస్ అయితే ఈ దారి మూసుకున్నట్టే.

తెలుగు పత్రాలకు ‘సదరు’, ‘మరియు’ తీసేశాను, లాభం కొంచెమే. మనకు విభక్తులు పదానికే అతుక్కుంటాయి కదా: స్థలంలో, స్థలానికి, స్థలాన్ని. వాటిని కత్తిరించే తెలుగు స్టెమ్మర్ పోస్ట్‌గ్రెస్‌లో లేదు. అది వచ్చేదాకా ‘స్థల’తో మొదలయ్యే పదాలన్నీ పట్టుకునే ప్రిఫిక్స్ సెర్చ్‌తోనే నెట్టుకొస్తున్నాం.