భుజాన పైపు, గోదారి జిల్లాల్లో నాలుగు రోజులు

పాత సినిమా పోస్టర్ల కోసం ఊళ్లు తిరిగేవాడు లాడ్జిలో చూసేవి వేరుగా ఉంటాయి. వేడినీళ్లు వస్తాయా, టీవీ ఉందా అని నేను అడగను. 30కి 40 అంగుళాల కాగితం పరుచుకోవడానికి మంచం సరిపోతుందా, గోడకి చెమ్మ ఉందా, ఫ్యాను స్పీడు తగ్గుతుందా, ఇవే నాకు కావాలి. రిసెప్షన్‌లో కుర్రాడు నన్ను ఎగాదిగా చూస్తాడు, చూడనీ.

రెండేళ్ల క్రితం ఆగస్టులో ఒకసారి వెళ్లాను, పులసా తినొచ్చు పోస్టర్లూ కొనొచ్చు అని. అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. వానాకాలం గోదారి జిల్లాల్లో కాగితం ముట్టుకుంటేనే మెత్తగా తగులుతుంది. కొన్న నాలుగింటిలో రెండు ఒకదానికొకటి అంటుకుపోయాయి, విడదీస్తే ఒకదాని మీది బొమ్మ ఇంకోదాని వీపుకి వచ్చేసింది. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు, నేను పోస్టర్లు పోగొట్టుకుని తిన్నాను. అందుకని ఈసారి జనవరి ఆఖరి వారం పెట్టుకున్నాను. సంక్రాంతి వారం మాత్రం వద్దు, కోడిపందాల జనంతో భీమవరం చుట్టుపక్కల గది దొరకడమే కష్టం, దొరికినా రేటు వింటే కళ్లు తిరుగుతాయి.

గౌతమి ఎక్స్‌ప్రెస్ తెల్లారకుండానే రాజమండ్రిలో దింపేసింది. స్టేషన్‌కి దగ్గర్లో 1,100 రూపాయల గది తీసుకున్నాను. గోడలు పొడిగా ఉన్నాయి, రెండు మంచాలు కలిపి వేసి ఉన్నాయి, రాత్రంతా రైలు కూతలు. ఒక్క రాత్రికి ఫరవాలేదు. నిజానికి రాజమండ్రిలో ఒక్క రోజు చాలు. పెద్ద ఊరు కాబట్టి సరుకు ఎక్కువ దొరుకుతుందనుకుంటాం కానీ పెద్ద ఊళ్లో పాత కాగితం ఎప్పుడో తూకానికి వెళ్లిపోయింది, మిగిలిందేమైనా ఉంటే దాని విలువ తెలిసినవాళ్ల చేతుల్లో ఉంది. 1936లోనే ఈ ఊళ్లో దుర్గా సినీటోన్ అని స్టూడియో నడిచింది. దాని తాలూకు కరపత్రం ముక్క ఒక్కటైనా కనిపిస్తుందేమోనని వచ్చినప్పుడల్లా పాత పేపర్ల కొట్లన్నీ అడుగుతాను, వాళ్లు నన్ను చూసి నవ్వుతారు.

ఒక పాత సామాన్ల కొట్టులో మాత్రం నా కోసమే తీసి పెట్టినట్టు ఎన్టీఆర్ పోస్టర్ ఒకటి బయటికి వచ్చింది. "68లో సినిమా అండి, మా మావయ్యగారి హాల్లో ఉండేదండి ఇది, 3,500 అయితే మీకు ఇచ్చేస్తానండి" అన్నాడు కొట్టతను. మడతలు నాలుగు స్పష్టంగా కనిపిస్తున్నాయి. బొటనవేలితో రాసి చూస్తే మడత తగల్లేదు! అంటే మడత కాగితంలో లేదు, బొమ్మలో ఉంది. ఎవరో అసలుదాన్ని స్కాన్ చేసి, మడతలతో సహా ప్రింటు కొట్టించారు. జేబులోంచి భూతద్దం తీశాను, పదింతలు చూపించేది, మూడొందలకి దొరుకుతుంది, ఈ పిచ్చి ఉన్నవాళ్లు ఎవరైనా అది లేకుండా ఇల్లు కదలకూడదు. ప్రెస్సులో వేసిన ఆఫ్‌సెట్ ప్రింటు అయితే నాలుగు రంగుల చుక్కలు వరసగా, పువ్వుల్లా కూర్చుని కనిపిస్తాయి. ఇక్కడ ఇసుక చల్లినట్టు ఉంది, కంప్యూటరుకి తగిలించే ఇంక్‌జెట్ ప్రింటరు పని. కింద అంచున ప్రెస్సు పేరు ఉండాల్సిన చోట చీమలు పాకినట్టు గీతలు తప్ప అక్షరం లేదు. ఆ రోజుల్లో అమల్లో ఉన్న 1867 నాటి చట్టం ప్రకారం అచ్చేసిన ప్రతి కాగితం మీదా ప్రెస్సు పేరు, ఊరు ఉండాల్సి వచ్చేది. అందుకే పాత పోస్టర్లలో ఆ చిన్న అక్షరాల వరసే నేను ముందు చదువుతాను, హీరో మొహం తర్వాత.

ఆ వరసలో ఇంకో లాభం కూడా ఉంది. ఆరంకెల పిన్‌కోడ్ మన దేశంలో 1972 ఆగస్టులో వచ్చింది. 60ల నాటి సినిమా పోస్టర్ మీద ప్రెస్సు అడ్రసులో 600తో మొదలయ్యే పిన్‌కోడ్ ఉందంటే అది మొదటి విడుదల నాటిది కాదు, తర్వాత మళ్లీ ఆడించినప్పుడు వేసింది. దొంగది కాదు, పాతదే, కానీ మొదటి విడుదల రేటు ఇవ్వనక్కర్లేదు. అలాగే యు/ఎ అన్న సెన్సారు సర్టిఫికెట్ 1983లో మొదలైంది, అంతకుముందు సినిమాకి అది కనిపిస్తే అదీ తర్వాత అచ్చే. ఇదంతా కొట్టతనికి చెప్పలేదు. వద్దండి అంటే "పోనీ 500 ఇవ్వండి" అన్నాడు, అక్కడే తేలిపోయింది.

మధ్యాహ్నం గోదారి గట్టు మీద దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లాను. 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయిన మనిషి వేసిన బొమ్మలు. గంట సేపు కదలబుద్ధి కాలేదు. రాజమండ్రిలో ఒక్కచోటికే వెళ్లే టైముంటే ఇక్కడికే వెళ్లండి. రోజ్‌మిల్క్ ఎలాగూ తాగుతారు.

మర్నాడు పొద్దున్నే కొవ్వూరు మీదుగా బయల్దేరాను. కుమారదేవం దగ్గర వందల సినిమాల్లో కనపడిన నిద్రగన్నేరు చెట్టు 2024 ఆగస్టులో కూలిపోయింది కాబట్టి దిగలేదు. నిడదవోలులో పాలకొల్లు రైలు ఎక్కాను. ఈ లైన్లో పాసింజరు రైలంత సుఖం ఇంకోటి లేదు, బస్సులో అయితే చేతిలో పోస్టర్ల గొట్టం పెట్టుకుని నిలబడాలి. ఆలస్యం అవుతుంది, అయితే అవుతుంది, కిటికీ అవతల చేపల చెరువులు, కొబ్బరిచెట్లు, మళ్లీ చెరువులు.

పాలకొల్లే ఈ ప్రయాణానికి అసలు ఊరు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ ఈ ఊరివాళ్లని అందరికీ తెలుసు. పోస్టర్ల పిచ్చి ఉన్నవాళ్లకి మాత్రం ఈ ఊరంటే ముందు ఈశ్వర్ గారు. 1967లో బాపు 'సాక్షి'కి పబ్లిసిటీ డిజైన్ చేసి మొదలుపెట్టి, వేల సినిమాలకి అక్షరాలు, బొమ్మలు వేశారు. ఆ 'సాక్షి' తీసిందీ గోదారి జిల్లాల్లోనే, ఆత్రేయపురం దగ్గర పులిదిండిలో. 2021లో ఆయన పోయారు. పోస్టర్ మూల ఆ సంతకం చూసి పేరు గుర్తుపట్టినవాళ్లు ఈ ఊళ్లో నాకు ముగ్గురే తగిలారు, అందులో ఒకాయన బార్బర్ షాపు నడుపుతారు. నా ప్రయాణం మలుపు తిరిగింది ఆయన వల్లే. "మీకు కావాల్సిన మనిషి వేరే ఉన్నారండి, సాయంత్రం గుడి దగ్గర కూర్చుంటారు" అన్నారు.

గుడి అంటే క్షీరారామం. గోపురం ఎదర అరుగు మీద కూర్చున్న పెద్దాయన, 74 ఏళ్లు, పక్క పల్లెలో ఒక సినిమా హాల్లో గేటు దగ్గర మొదలుపెట్టి మేనేజరు దాకా చేశారు. ఆ హాలు ఇప్పుడు కల్యాణ మండపం. ఊళ్లో ఇప్పటికీ మేనేజర్ గారనే అంటారు, నేనూ అలాగే పిలిచాను.

"పోస్టర్లా? ఉన్నాయండి. ఆయ్, మా ఆవిడ రెండుసార్లు పొయ్యిలో పెట్టబోయిందండి ఆటిని" అన్నారు.

ఇంటికి తీసుకెళ్లి అటక మీంచి ట్రంకు పెట్టె దింపించారు. వేపాకు, కలరా ఉండల వాసన ఒక్కసారి గుప్పుమంది. గోడకి అంటించినవి ఎలాగూ బతకవు, మైదా జిగురుకి ఆశపడి ఆవులు పీక్కు తింటాయని అందులో మైలుతుత్తం కలిపేవారట, అయినా తినేవట. మిగిలేవి అంటించకుండా ఉండిపోయినవే. పెద్ద ఊళ్లో ఆడేసిన సినిమా నెలల తర్వాత పల్లె హాలుకి వచ్చేది, దాంతో పాటు పోస్టర్ల కట్ట కూడా. నాలుగు రోజులకే సినిమా ఎత్తేస్తే సగం కట్ట అలాగే ఉండిపోయేది. అంటే బాగా ఆడినవాటికన్నా పోయిన సినిమాల పోస్టర్లే ఎక్కువ దొరుకుతాయన్నమాట. నాకు ఇది ఇన్నేళ్లూ తట్టలేదు.

నలభై దాకా ఉన్నాయి. అయితే నన్ను పడేసింది బొమ్మలు కాదు, వెనకవైపు. ప్రతిదాని వీపు మీదా పెన్సిల్‌తో ఆయన రాత ఉంది. ఎప్పుడొచ్చింది, ఎన్ని రోజులు ఆడింది, కట్ట తర్వాత ఏ హాలుకి పోవాలి. ఒక శోభన్‌బాబు సినిమా వెనక "5 రోజులు. ఊడ్పులు. జనం లేరు" అని ఉంది. ఇంకోదాని వెనక "జనరేటర్ పోయింది, టికెట్ డబ్బులు వాపసు". ముందువైపు కింద హాలు పేరుతో "రోజూ 3 ఆటలు" అన్న స్లిప్పు అంటించి ఉంది. స్లిప్పు ఉంటే రేటు తగ్గుతుంది, రాతలుంటే ఇంకా తగ్గుతుంది అంటారు పోస్టర్లు సేకరించే మా మిత్రులు, వాళ్లకి ప్రెస్సులోంచి అప్పుడే వచ్చినట్టు నలగని కాగితం కావాలి. నాకు ఆ రుచి అర్థం కాదు. నలగని కాగితం ఎక్కడైనా దొరుకుతుంది, ఊడ్పుల వల్ల జనం రాలేదని రాసున్నది ఇంకెక్కడ దొరుకుతుంది?

ఏడు ఏరుకున్నాను. 6,500 ఇచ్చాను, ఆయన 5,000 చాలన్నారు. "గోడకి పెట్టుకుంటారా, అమ్మేస్తారా?" అని అడిగారు. అమ్మనన్నాను. "అమ్మేటట్టయితే ముందు నాకు చెప్పండి, నేనే కొనుక్కుంటాను" అన్నారు. రెండు మాత్రం ఎంతిచ్చినా ఇవ్వనన్నారు, ఎందుకో చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు.

పాలకొల్లు లాడ్జి 900. రెండో అంతస్తు, పడమటి గది, సాయంత్రం ఎండ నేరుగా లోపలికి వస్తుంది, మనుషులకి ఉక్క, కాగితాలకి వరం. ఫ్యాను రెగ్యులేటర్ పనిచెయ్యదు, ఉంటే తుఫాను లేకపోతే ఏమీ లేదు. ఏడూ మంచాల మీద పరిచి చూసుకుంటుంటే టీ తెచ్చిన కుర్రాడు తడి గ్లాసు సరిగ్గా హీరోయిన్ బుగ్గ మీద పెట్టబోయాడు. నేను పెట్టిన కేకకి పక్క గదివాళ్లు తలుపు తీశారు. పాపం, వాడికేం తెలుసు. తర్వాత వాడే ఇంటినుంచి కొత్త పంచె తెచ్చి ఇచ్చాడు, మధ్యలో వేసి చుట్టుకోమని. ఊళ్లో దిబ్బరొట్టె తినకుండా రాకండి.

గొట్టం సంగతి చెప్పాలి. ఇంతకుముందు అట్ట గొట్టంలో కొరియర్ చేస్తే మధ్యకి వంచి పంపారు. ఈసారి తెలివొచ్చి ఇక్కడ పైపుల కొట్టుకి వెళ్లాను. చెరువుల దేశం కదా, పీవీసీ పైపు ఏ సైజైనా క్షణంలో కోసి ఇస్తారు. నాలుగంగుళాల పైపు, మూడడుగుల ముక్క, రెండు మూతలతో 260 రూపాయలు. ఇది ప్రయాణం వరకే. ఇంటికెళ్లగానే తీసేయాలి, పీవీసీలో ఏళ్ల తరబడి ఉంచితే కాగితానికి మంచిది కాదు.

మూడో రోజు నరసాపురం వెళ్లి పంటు మీద, అంటే మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పడవ మీద, సఖినేటిపల్లి దాటాను. చించినాడ వంతెన మీంచి బస్సులో పోవచ్చు, కానీ గోదారి పాయ వశిష్ఠ మీద పంటు ప్రయాణం వదులుకోలేను. బైకులు, గడ్డిమోపులు, స్కూలు పిల్లలు, మధ్యలో పైపు పట్టుకుని నేను. "బోరు మోటారుకా అండి?" అని ముగ్గురు అడిగారు. మూడోసారికి అవునన్నాను.

అమలాపురం నిరాశపరిచింది. రైలు లేని ఊరు కాబట్టి సరుకు ఊళ్లోనే ఉండిపోయి ఉంటుందని నా లెక్క. 1996 నవంబరు 6 తుపాను ఆ లెక్కలో లేదు. ఎవరిని కదిపినా అదే మాట, హాలు రేకులు లేచిపోయాయి, ఆఫీసు గది తడిసి ముద్దయింది, పోస్టర్లు తట్టలతో ఎత్తి పారబోశాం అని. ఒకాయన దగ్గర మాత్రం మంచివి పదకొండు మిగిలాయి, ఎంతో ప్రేమగా చూపించారు. అన్నీ లామినేషన్ చేయించారు! వేడికి ప్లాస్టిక్ కాగితంలోకి కరిగిపోయింది, ఇక ఏ దేవుడూ విడదీయలేడు. బాగున్నాయండి అని చెప్పి వచ్చేశాను, ఇంకేం చెప్తాం. దగ్గర పోస్టర్లున్నవాళ్లు దయచేసి లామినేషన్ జోలికి, సెల్లోటేపు జోలికి వెళ్లకండి. పాలియెస్టర్ షీట్ల మధ్య పరిచి, ఎండ తగలని చోట పెట్టండి, చాలు. మర్నాడు పొద్దున అంబాజీపేటలో తిన్న పొట్టిక్కలు, పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు, ఆ ఆకు వాసనతో ఆ బాధ కొంచెం తీర్చాయి.

మూడో రోజు రాత్రి సరదాపడి నది ఒడ్డున ఒక రిసార్టులో 3,800 పెట్టి దిగాను. బయట పడవలు, కొబ్బరితోట, ఫొటోలకి బ్రహ్మాండం. గదిలో గోడ చెయ్యి పెడితే చల్లగా తగిలింది, ఏసీ నీళ్లు సరిగ్గా బీరువా పక్కనే కారుతున్నాయి. కుటుంబంతో అయితే వెళ్లండి. నేను మాత్రం రాత్రంతా పైపుని మంచం మీద నా పక్కనే పడుకోబెట్టుకున్నాను, మా ఆవిడకి ఫొటో పంపితే జవాబు ఇవ్వలేదు.

నాలుగో రోజు చించినాడ మీదుగా పాలకొల్లు వచ్చి, సాయంత్రం నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. అప్పర్ బెర్తు తీసుకోండి, పైపు గోడ వైపు పెట్టుకోవచ్చు. భీమవరం దాటాక మేనేజర్ గారు ఫోను చేశారు. రాజోలులో వాళ్ల తోడల్లుడి ఇంట్లో ఇంకో పెట్టె ఉందట, ఆయన కూడా హాల్లోనే చేశారట, కాకపోతే కొంచెం తిక్క మనిషట, పొద్దున పదిలోపు వెళ్తేనే మాట్లాడతారట. మార్చిలో వెళ్తున్నాను, వానలు దిగకముందే.