గార్డు చేతి మూడు రంగుల టార్చి: కొన్నేళ్ల వాడకం తర్వాత

2022 జనవరి నుంచి మా హోదా ట్రైన్ మేనేజర్‌గా మారినా, యార్డులో నన్ను ఇప్పటికీ గార్డుగారనే పిలుస్తారు. గూడ్సు గార్డుగా నాకు ఇచ్చిన సామగ్రిలో నేను అన్నింటికంటే మెచ్చుకున్నదీ, ఇప్పుడు అన్నింటికంటే కోపం తెప్పిస్తున్నదీ ఒక్కటే: మూడు రంగుల ఎల్‌ఈడీ టార్చికి ఉన్న రంగు మార్చే మీట.

కిరోసిన్ చేతిదీపంతో గాలికి ఆరిపోయే వత్తినీ, మసిబారే అద్దాన్నీ భరించినవాణ్ణి కనుక, బొటనవేలితో జరిపితే చాలు రంగు మారే ఈ టార్చి నాకు వరంలా తోచింది. 58 వ్యాగన్ల ర్యాకుకు (గూడ్సు బండికి) చివర, గార్డు ఉండే బ్రేక్ వ్యానులో నిలబడి పచ్చ దీపం ఊపితే, ఆరువందల మీటర్లకు పైబడిన దూరంలో ఇంజనులో ఉన్న లోకో పైలట్‌కు (డ్రైవరుకు) అది స్పష్టంగా కనిపిస్తుంది. ఆ మాట ఇప్పటికీ నిజమే, కాకపోతే వానలు లేని నెలలకే.

తుపాను వానలో ఒక రాత్రి మా బండి రెండు స్టేషన్ల మధ్య ఆగిపోయింది. బ్రేక్ వ్యాను గేజిలో బ్రేకుల గాలి పీడనం చూపే ముల్లు కిందికి జారుతుంటే, ఎక్కడో వ్యాగన్ల మధ్య ఆ గాలిని చేరవేసే హోస్ పైపు ఊడిందని అర్థమైంది. అసిస్టెంట్ లోకో పైలట్ ముందు నుంచి వెతుక్కుంటూ వస్తుండగా, వెనుక నుంచి వచ్చే బండిని ఆపడానికి నేను వెనుక వైపు రక్షణకు దిగాను: పట్టా మీద 600 మీటర్ల దగ్గర ఒక డిటోనేటరు (చక్రం ఎక్కితే పేలి డ్రైవరును హెచ్చరించే టపాకాయ), 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు, చేతిలో ఎర్ర దీపం ఉండాలి. డ్యూటీ ఎక్కేటప్పుడు మూడు రంగులూ సరిగ్గా వెలిగిన టార్చి, ఇప్పుడు పచ్చ దగ్గర బిగుసుకుపోయింది. గట్టిగా నొక్కితే తెలుపుకు వచ్చింది, ఎరుపుకు మాత్రం జరగలేదు. ఎర్ర దీపం లేనప్పుడు తెల్ల దీపాన్ని జోరుగా ఊపినా అది ప్రమాద సంకేతమే కాబట్టి, అలాగే ఊపుతూ కంకర మీద నడిచాను. అదృష్టవశాత్తు వెనుక నుంచి ఏ బండీ రాలేదు.

తరువాత విప్పి చూస్తే, మీట జరిగే గాడిలో బొగ్గు పొడి, వాననీరు కలిసి అడుసులా పేరుకున్నాయి. లోపం వస్తే రావచ్చు, కానీ అది పచ్చ వైపు ఆగడమే నేను సహించలేనిది. తీగ తెగితే సెమఫోర్ (స్తంభానికి చెయ్యి ఉండే పాతకాలపు సిగ్నల్) చెయ్యి తనంతట తానే ప్రమాద స్థితికి వచ్చేలా ఏర్పాటు చేసుకున్న రైల్వేలో, గార్డు చేతి దీపానికి ఆ సూత్రం ఎందుకు వర్తించదు? ఎరుపుకు వేరే బటన్ పెట్టడం అసాధ్యమేమీ కాదు.

మూసి ఉన్న గార్డు పెట్టెలో కూర్చునే ప్యాసింజరు బండ్ల వారికి ఈ ఇబ్బంది బహుశా ఎదురుకాదు, వారికి ఈ టార్చి నిస్సందేహంగా మంచిదే. నావి కోస్తా సెక్షన్‌లో బొగ్గు ర్యాకులు, తెరిచి ఉండే బ్రేక్ వ్యాను. నాలాంటి పని చేసేవారు మాత్రం గాడిని పొడిగుడ్డతో తుడుస్తూ, ఎర్ర వెలుగు ఒక్కటే ఇచ్చే చిన్న దీపాన్ని సొంత ఖర్చుతోనైనా చొక్కా జేబులో ఉంచుకోవాలి.