మేకుల కోసం వెళ్లిన యాత్ర: వాదీ రమ్, తిమ్నా, యెరూషలేము, తాబోరు

జోర్డాన్‌లోని వాదీ రమ్ ఎడారిలో మేం బుక్ చేసుకున్న గుడారానికి మేకులే లేవు. ఇనుప ప్లాట్‌ఫారం మీద బోల్టులు బిగించి నిలబెట్టిన గుండ్రటి డేరా, లోపల డబుల్ కాట్, ఏసీ, గీజరున్న బాత్రూమ్. పడుకుని చూస్తే నక్షత్రాలు కనిపిస్తాయని ఫొటోల్లో ఊరిస్తారే, అదే. మా అక్కకి తెగ నచ్చేసింది. నాకు మాత్రం పెళ్లికి పిలిచి భోజనం పెట్టకుండా పంపినట్టు అనిపించింది, ఎందుకంటే ఈ యాత్రలో నేను చూడాలనుకున్నది ముఖ్యంగా మేకుల్నే.

నవ్వకండి, కారణం ఉంది. చిన్నప్పుడు మా సండే స్కూల్ గోడ మీద ఒక బొమ్మ ఉండేది. యాయేలు ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో జానెడు ఇనుప మేకు, కింద దుప్పటి కప్పుకుని నిద్రపోతున్న సీసెరా. బైబిల్లో న్యాయాధిపతుల కథ అది, యుద్ధంలో ఓడి పారిపోయి వచ్చి తన గుడారంలో పడుకున్న శత్రు సేనాపతి సీసెరాని యాయేలు మేకు కొట్టి చంపుతుంది. గుడారంలో కాపురముండే ఆవిడకి వడ్రంగి పెట్టెలో ఉండాల్సిన మేకు ఎక్కడిదా అని నాకు అప్పటి నుంచీ సందేహం. పెద్దయ్యాక తెలిసింది, తిరకాసంతా మన మాటలోనే ఉందని. తెలుగు బైబిల్లో గుడారానికి కొట్టేదీ మేకే, యేసు చేతుల్లో దిగినదీ మేకే. హెబ్రీలో గుడారపు మేకుని యాతేద్ అంటారు, ఇనుప మేకుకి వేరే మాట ఉంది. యాతేద్ అంటే మనకి గొడ్ల సావిట్లో పలుపు కట్టే గుంజ లాంటిది అనుకోండి, మొన చెక్కి నేలలో దిగగొట్టేది, ఊరు మారేటప్పుడు పీకి పట్టుకెళ్లేది. సమ్సోను జడలు నేసిన మగ్గం దగ్గరి మేకు, దండులో సైనికుడు బయటికి వెళ్లినప్పుడు గుంట తవ్వుకునే కర్ర, ఇవన్నీ కూడా ఆ ఒక్క మాటే. మన ప్రసంగాల్లో యాయేలు మేకుని నేరుగా సిలువ మేకుతో కలిపేస్తుంటారు, వినడానికి బాగుంటుంది కానీ ఆ ముడి వేసింది తెలుగు మాటే.

వెళ్లింది 2023 ఫిబ్రవరిలో. ఆరుగురం, మాతోపాటు మా చర్చి పాస్టరు అయ్యగారు కూడా. యాభై మంది బస్సు టూర్ కాకుండా మేమే రూటు వేసుకుని, హైదరాబాద్‌లో ఒక ఏజెంట్ చేత బుక్ చేయించాం. ఆ అక్టోబర్‌లో యుద్ధం మొదలయ్యాక అక్కడ చాలా మారింది కాబట్టి ఇప్పుడు వెళ్లేవాళ్లు సరిహద్దులు తెరిచి ఉన్నాయా లేదా అన్నది ఎప్పటికప్పుడు చూసుకోవాలి, నేను రాసేది అప్పటి సంగతి.

వాదీ రమ్ మాత్రం చూడాల్సిందే. ఎర్ర ఇసుక, నిట్టనిలువు కొండలు, జీపు వెనకాల కూర్చుంటే నోట్లోకీ చెవుల్లోకీ ఇసుక. 2011లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. మా డేరా మనిషికి 45 దినార్లు పడింది, మన డబ్బుల్లో ఐదు వేల పైచిలుకు. రాత్రి పదకొండుకి జనరేటర్ కట్టేశారు, దాంతో హీటర్ కూడా ఆగింది, ఫిబ్రవరి ఎడారి చలి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. పొద్దున్న అడిగితే "రూల్స్ బోర్డు మీద ఉన్నాయి కదా" అన్నారు. ఉన్నాయి, అరబ్బీలో. ఇదే క్యాంపులో మామూలు గుడ్డ డేరాలు సగం రేటుకే ఉన్నాయి, వాటికి మందపాటి కంబళ్లు నాలుగేసి ఇచ్చారు, అందులో పడుకున్న అయ్యగారు హాయిగా గురక పెట్టారు. మళ్లీ వెళితే నేనూ అందులోనే. తిండికి మాత్రం వంక పెట్టలేం. జర్బ్ అని, ఇసుకలో గొయ్యి తీసి నిప్పుల మీద మాంసం, కూరగాయలు పెట్టి, మూతేసి కప్పెట్టి వండుతారు. అక్క తెచ్చిన గోంగూర పచ్చడి ఆ మాంసంలోకి అదిరింది.

నాకు కావలసింది వంటింటి వెనక దొరికింది. అక్కడ పాతకాలపు నల్ల డేరా ఒకటి ఉంది, మేక వెంట్రుకలతో నేసిన పట్టీలు కలిపి కుట్టింది. బైత్ షార్ అంటారట, వెంట్రుకల ఇల్లు. వాన పడితే ఆ నేత ఉబ్బి సందులు మూసుకుంటాయి. దానికి మేకులున్నాయి, కాకపోతే సగం చెక్కవి, సగం బిల్డింగ్ పనిలో మిగిలిన ఇనుప చువ్వ ముక్కలు. వంట చేసే పెద్దాయన నేను వంగి చూస్తుంటే ఏదో పోగొట్టుకున్నాననుకున్నాడు. మా డ్రైవర్ అటూ ఇటూ మాటలు చెబుతుంటే విషయం అర్థమై, ఒక చెక్క మేకు పీకి, బరువైన రాయి ఒకటి నా చేతికిచ్చి కొట్టమన్నాడు. నేను నిటారుగా పట్టుకుని నాలుగు దెబ్బలు వేశాను. ఆయన రెండు వేళ్లతో తాడు లాగాడు, మేకు వచ్చేసింది. మళ్లీ తనే పట్టుకుని, మేకు తల గుడారానికి అవతలి వైపు వాలేలా ఏటవాలుగా పెట్టి కొట్టాడు, ఈసారి నేను రెండు చేతులా లాగినా కదల్లేదు. ఇంకో పక్క, ఇసుక మరీ మెత్తగా ఉన్న చోట, అసలు మేకే లేదు, తాడు చివర ఓ పెద్ద రాయికి కట్టి రాయిని పాతేశారు. అక్కడ మేకు నిలవదన్నాడు. యెషయా ప్రవక్త ఎల్యాకీము అనే రాజోద్యోగి గురించి చెబుతూ దిట్టమైన చోట కొట్టిన మేకు అంటాడు కదా, ఇన్నేళ్లూ మేకునే పట్టించుకున్నాను, "చోటు" అన్న మాట దగ్గర ఆగలేదని అప్పుడు తట్టింది.

ఇంకోటి అడిగాను, ఇవన్నీ ఎవరు కొడతారని. ఇప్పుడైతే క్యాంపు కుర్రాళ్లు, వాళ్లమ్మ కాలంలో ఆడవాళ్లే అన్నాడు. డేరా నేసేదీ, వేసేదీ, పీకేదీ ఆడవాళ్లే. అంటే యాయేలు చేతికి ఆ సుత్తి కొత్తేమీ కాదు, వందలసార్లు పట్టిందే. సీసెరాని చంపడానికి దైవికంగా ఓ ఆయుధం దొరికిందని కాదు, రోజూ చేసే పని చేతిలో ఉంది.

జోర్డాన్ వైపు అకాబా నుంచి ఇజ్రాయెల్ వైపు ఏలాత్‌కి బోర్డర్ దాటడం రెండు గంటల పని. ఏలాత్ సముద్రం బాగుంటుంది, మిగతాదంతా ఖర్చు, ఒక్క రాత్రి చాలు.

అక్కడికి ఉత్తరంగా ముప్పై కిలోమీటర్ల లోపే తిమ్నా పార్క్. సొంత బండి లేకపోతే కష్టం, లోపల ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిచే దూరాలు కావు. మోషే కాలంలో ఇశ్రాయేలీయులు ఎడారిలో వెంట మోసుకు తిరిగిన ఆరాధన డేరా, ప్రత్యక్షపు గుడారం, అసలు కొలతలతో ఇక్కడ కట్టి పెట్టారు. ఆవరణం నూరు మూరలు, యాభై మూరలు. చదివినప్పుడు అంకెల్లా ఉండేది, లోపల నిలబడితే మా ఊరి హైస్కూల్ గ్రౌండ్‌లో మూలకి సరిపోతుంది అనిపించింది, ఇంత చిన్నదా అని. బంగారం, ఇత్తడి అసలువి కావు, కొలతలు, ఆకారం చూపించడానికే. గైడ్ బలిపీఠం, దీపస్తంభం, మందసం అన్నీ ఓపికగా చెప్పింది కానీ మేకుల ముచ్చట తేలేదు, నేనే అడగాల్సి వచ్చింది. "ఎవరూ అడగరు" అంది నవ్వుతూ.

అడగాలి నిజానికి. నిర్గమకాండంలో గుడారపు మేకులు, ఆవరణపు మేకులు అన్నీ ఇత్తడివి ఉండాలని ఉంది. మనవాళ్లు ఇత్తడి అన్నది హెబ్రీలో నెహోషెత్, అంటే రాగి లేదా కంచు. తిమ్నా అంతా రాగి గనులే! కాళ్ల కింద పచ్చపచ్చటి రాగి రాళ్లు కనిపిస్తుంటాయి. సొలొమోను స్తంభాలనే ఎర్రటి కొండ కింద ఐగుప్తు దేవత హాతోరు గుడి శిథిలాలున్నాయి. 1969లో బెనో రోతెన్‌బర్గ్ అక్కడ తవ్వితే ఎర్రటి, పసుపుపచ్చటి బట్ట ముక్కలు, తలకి బంగారు పూత ఉన్న చిన్న రాగి పాము బయటపడ్డాయి. తరవాతి కాలంలో మిద్యానీయులు ఆ గుడి మీద డేరా కప్పి గుడారపు ఆలయంగా వాడుకున్నారని ఆయన లెక్క. మోషే మామ మిద్యానీయుడే, యాయేలు మొగుడు హెబెరు ఆ మామ వంశంలోని కేనీయుడే. ఆ గుడి దగ్గర అంతా కలిపి పది నిమిషాలు కూడా ఉండనివ్వలేదు మావాళ్లు, చెరువు దగ్గర రంగురంగుల ఇసుక సీసాల్లో నింపుకోడానికి పరిగెత్తారు. సీసాలు బాగానే ఉన్నాయిలెండి, మా ఇంట్లో టీవీ పక్కన ఒకటుంది.

రాత్రి అయ్యగారు సంఖ్యాకాండం తీసి మెరారీయుల గురించి చదివారు. ఆ గుడారాన్ని మోసే పని లేవీయులనే యాజక గోత్రానికి పంచినప్పుడు పలకలు, స్తంభాలు, దిమ్మలు, మేకులు, తాళ్లు మెరారీ వంశానికి వచ్చాయి. ముప్పై నుంచి యాభై ఏళ్ల లోపువాళ్లు 3,200 మంది, వాళ్లకి నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు. ఏ వస్తువు ఎవరు మోయాలో పేరుపేరునా లెక్క చెప్పమని ఉంది. అంటే ఎవడో ఒకడు ఏళ్ల తరబడి ఫలానా మేకుల సంచీ మోసి ఉంటాడు. మందసం మోసినవాళ్ల గురించి ఎన్ని పాటలున్నాయి మనకి, ఈయన గురించి ఒక్కటీ లేదు.

యెరూషలేము గురించి అందరూ రాస్తారు కాబట్టి ఒక్కటే చెబుతాను. దావీదు పట్టణం అనే చోట హిజ్కియా రాజు నీళ్ల కోసం తవ్వించిన సొరంగం ఉంది, 533 మీటర్లు, మోకాలి దాకా నీళ్లు, చీకటి. టార్చి, తడిసినా పర్వాలేని చెప్పులు ఉండాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఇరుకంటే భయమున్నవాళ్లు పక్కనే పొడి దారి ఉంది, అందులో వెళ్లండి, అక్క అలాగే వెళ్లింది. బయటికొచ్చి లోయ అవతల చూస్తే సిల్వాన్ ఇళ్లు. ఆ ఇళ్ల మధ్య కొండలో తొలిచిన ఒక సమాధి మీద, రాజు ఇంటిపై అధికారి ఒకడిదని చెప్పే శాసనం 1870లో దొరికింది, ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. పేరు సగం విరిగిపోయింది, చివరి అక్షరాలే మిగిలాయి, అయినా అది యెషయా తిట్టిన షెబ్నాదే కావచ్చని చాలామంది పండితుల అంచనా. ఎత్తున సమాధి తొలిపించుకుంటున్నావే అని ఆ షెబ్నాని దించి ఎల్యాకీముని పెడతానన్న చోటే మేకు మాట వస్తుంది. ఇది గుడారపు మేకు కాదు, గోడకి ఉండే చిలక్కొయ్య. గిన్నెల దగ్గర్నుంచి పెద్ద బుడ్ల దాకా అన్నీ తెచ్చి దానికే తగిలిస్తారు. ప్రసంగాలు సాధారణంగా అక్కడితో ఆగిపోతాయి, ఇంకో వచనం ముందుకెళితే ఆ కొయ్యే ఊడి, తగిలించినవన్నీ కింద పడతాయని ఉంది. ఇంట్లో ఒక్క సంపాదనపరుడి మీద బంధువులందరూ వేలాడే కథ మనకి చెప్పాలా?

యెషయా 54లోని తాళ్లు పొడుగు, మేకులు దిట్టం అన్న వాక్యమైతే చర్చి కొత్త బిల్డింగ్‌కి చందా ఎత్తే ఆదివారం వినని తెలుగు క్రైస్తవుడు ఉండడు. ఆ వాక్యం మీదే ఇంగ్లండ్ బాప్టిస్టు పాస్టరు విలియం కేరీ 1792 మే 30న నాటింగ్‌హామ్‌లో ప్రసంగించి, మర్నాడు మిషనరీ సంఘం పెట్టే ఆలోచనకి తోటి పాస్టర్లని ఒప్పించాడు, తరవాత తనే ఇండియాకి వచ్చాడు. ఆయన శ్రీరాంపూర్ ప్రెస్ నుంచే 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయి వచ్చింది. అయ్యగారు ఈ సంగతి బస్సులో చెబుతుంటే నేనూ మొదటిసారి విన్నాను.

చివర్లో తిబెరియలో రెండు రాత్రులు. హోటల్ శుభ్రం, గలిలయ సరస్సు కిటికీలోంచి కనిపిస్తుంది, టిఫిన్ బ్రహ్మాండం. ఇబ్బందల్లా రాత్రి భోజనం దగ్గర. కోషర్ పద్ధతి, మాంసం పెట్టిన పూట పాలు ఇవ్వరు, అక్క టీ కోసం ఎంత బతిమాలినా నల్ల టీయే. యాయేలు గుడారంలో సీసెరా నీళ్లడిగితే పాలు దొరికాయి, ఇక్కడ పాలడిగితే నీళ్లు చూపిస్తున్నారు అంది. విశ్రాంతి దినం నాడు ఒక లిఫ్టు ప్రతి ఫ్లోర్‌లోనూ తనంతట తనే ఆగుతూ పోతుంది, తెలియక ఎక్కి మేం ఎనిమిది ఫ్లోర్లు ఆగి ఆగి వెళ్లాం.

తాబోరు కొండ పైకి పెద్ద బస్సులు వెళ్లవు, మలుపులు అలాంటివి. కింద దిగి వ్యాన్ ఎక్కాలి, మేం నలభై నిమిషాలు లైన్లో నించున్నాం. ఇశ్రాయేలు సేనాపతి బారాకు ఇదే కొండ మీంచి పదివేల మందితో దిగి సీసెరా తొమ్మిది వందల ఇనుప రథాల మీద పడ్డాడు. పైన 1924లో ఆర్కిటెక్ట్ బార్లూజి కట్టిన రూపాంతర ఆలయం చాలా అందంగా, ప్రశాంతంగా ఉంటుంది, వెనక నుంచి యెజ్రెయేలు మైదానం మొత్తం కనిపిస్తుంది. యాయేలు గుడారం ఎటువైపు అని అడిగాను. కెదెషు దగ్గరని న్యాయాధిపతుల్లో ఉంది, ఆ పేరుతో లెబనాన్ సరిహద్దు దగ్గర ఒక దిబ్బ ఉంది, ఇక్కడికి సుమారు 50 కిలోమీటర్లు. అంత దూరం సీసెరా కాలినడకన పారిపోయాడా అని కొందరు సరస్సుకి దగ్గర్లోని ఇంకో కెదెషు చూపిస్తారు. మా గైడ్ చెయ్యి తూర్పుకి ఒకసారి, ఉత్తరానికి ఒకసారి ఊపి వదిలేశాడు. గుడారం వేసినచోట గుర్తేం మిగులుతుంది, మేకు పీకాక బొక్క కూడా రెండు వానల్లో పూడిపోతుంది.

అన్నట్టు తాబోరు వ్యాన్ చార్జీ ప్యాకేజీలో కలిసి ఉందో లేదో ఏజెంట్‌ని ముందే అడగండి. మా దాంట్లో ఉందన్నాడు, లేదు.