డెల్టా ఉక్కపోతలో మ్యాచ్ ఎయిర్ పిస్టల్: ఏళ్ల వాడకం మీద సమీక్ష

కొత్త మ్యాచ్ ఎయిర్ పిస్టల్ (పోటీల్లో వాడే, గాలి ఒత్తిడితో పనిచేసే పిస్టల్) పెట్టెలో చాలాసార్లు ఒక చిన్న టార్గెట్ ముక్క వస్తుంది. ఫ్యాక్టరీలో పిస్టల్‌ని బిగించి పది మీటర్ల నుంచి కొట్టిన షాట్లవి. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే చిల్లులా ఉంటాయి. ఆ ముక్కని దాచుకోండి. గురి కుదరని రోజున వెనక సైట్ (గురి చూసే గాడి) మర తిప్పబోతుంటే, ఒకసారి దాన్ని చూడండి. పిస్టల్‌లో ఉన్న గురి మన చేతిలో ఉన్నదానికన్నా ఎప్పుడూ ఎక్కువే. అది మన చేతిదాకా ఎలా వస్తుంది, గోదావరి డెల్టా తడిగాలిలో ఏది దానికి అడ్డుపడుతుంది అన్నదే ఈ సమీక్ష.

ఇక్కడ మాట్లాడేది 4.5 మి.మీ. కాలిబర్, 200 బార్ ఒత్తిడి పట్టే గాలి సిలిండర్, మెకానికల్ ట్రిగ్గర్, వాల్‌నట్ చెక్క గ్రిప్ ఉన్న సింగిల్ షాట్ పిస్టల్ గురించి. కంపెనీ ఏదన్నది పెద్ద విషయం కాదు. స్టెయర్ అయినా, వాల్తర్ అయినా, పార్దిని, మొరిని అయినా ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య) నిబంధనల ప్రకారం 420 × 200 × 50 మి.మీ. పెట్టెలో పట్టాలి, బరువు 1500 గ్రాములు దాటకూడదు, ట్రిగ్గర్ లాగడానికి పట్టే బరువు 500 గ్రాములకు తగ్గకూడదు. ఆ హద్దుల్లో మిగిలే తేడా చిన్నది. మీ చేతికి ఏ గ్రిప్ అమరుతుందో దాన్నే కొనండి. గ్రిప్ సైజు స్మాల్, మీడియం, లార్జ్‌లలో ఒక్క మెట్టు తప్పినా, తర్వాత ఎంత పుట్టీ పెట్టినా పూర్తిగా సర్దుకోదు.

20 జౌల్స్ లోపు శక్తి ఉన్న 4.5 మి.మీ. ఎయిర్ పిస్టల్‌కి మన దేశంలో ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. అర గ్రాము పెల్లెట్ (సీసపు గుండు) సెకనుకు 150 మీటర్ల వేగంతో వెళ్తే శక్తి 5.6 జౌల్సే. అయినా బిల్లు, గుర్తింపు కార్డు నకలు పిస్టల్ పెట్టెలోనే ఉంచుకోండి. రొయ్యల చెరువుల మీద వాలే కొంగల కోసం ఎవరైనా అడిగితే ఇవ్వకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వాటిని కొట్టడం నేరం.

ముందు లెక్క చూద్దాం. పదో రింగు వ్యాసం 11.5 మి.మీ. పెల్లెట్ అంచు గీతను తాకినా పదే కాబట్టి, పెల్లెట్ నడిభాగం కేంద్రం నుంచి 8 మి.మీ. దాకా తప్పినా పది వస్తుంది. అక్కణ్ణుంచి ప్రతి 8 మి.మీ.కి ఒక పాయింటు పోతుంది. ముందు, వెనక సైట్లు రెండూ చక్కగా కలిసి ఉండి, చేయి ఊగడం వల్ల గురి టార్గెట్ మీద ఒక సెంటీమీటరు పక్కకి జరిగిందనుకోండి. పెల్లెట్ కూడా సెంటీమీటరే జరుగుతుంది. తొమ్మిది వస్తుంది. అదే ముందు సైట్ వెనక గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకి ఉంటే? రెండు సైట్ల మధ్య దూరం 320 మి.మీ. అనుకుంటే, పది మీటర్ల దగ్గర 31 మి.మీ. తప్పుతుంది. ఏడు వస్తుంది. కొత్తవాళ్లు చేయి ఊగడం గురించి దిగులుపడతారు గానీ, పాయింట్లు తినేది సైట్లు విడిపోవడమే. అందుకే చూపు ముందు సైట్ మీదే ఉండాలి. టార్గెట్ మసకగా కనిపించాలి. నల్లటి వృత్తం స్పష్టంగా కనిపిస్తోందంటే చూపు తప్పుచోట ఉన్నట్టే.

గ్రిప్

మొదటి వారాలు మొత్తం దీనికే ఇవ్వండి. పిస్టల్ పట్టుకుని టార్గెట్‌కి ఎదురుగా నిలబడి, కళ్లు మూసుకుని చేయి ఎత్తండి. ఊపిరి సగం వదిలి, అప్పుడు కళ్లు తెరవండి. ముందు సైట్ గాడి మధ్యలో, పై అంచులు సమంగా ఉంటే గ్రిప్ మీదే. ముందు సైట్ గాడిలోంచి పైకి పొడుచుకొచ్చినా, లోపలికి మునిగిపోయినా గ్రిప్ వంపు మార్చాలి. దాదాపు అన్ని మ్యాచ్ పిస్టళ్లలో గ్రిప్ బోల్టు వదులు చేస్తే కోణం కొద్దిగా మారుతుంది. ముందు సైట్ ఎడమకో కుడికో తిరిగి ఉంటే గ్రిప్‌ని పక్కకి తిప్పాలి. మణికట్టు వంచి సరిచేసుకుంటే ఆ షాటుకి సరిపోతుంది, నలభయ్యో షాటుకి మణికట్టు అలిసి మళ్లీ మొదటికే వస్తుంది. అరవై షాట్ల మ్యాచ్‌లో చివరి ఇరవై పాడవడానికి ఎక్కువగా ఇదే కారణం.

సైట్లు ఒకవైపు, టార్గెట్ ఒకవైపు ఉంటే తప్పు గ్రిప్‌ది కాదు, కాళ్లది. వెనక పాదం కాస్త జరిపి మళ్లీ చూడండి. చేతిని లాగి టార్గెట్ మీదికి తేకండి.

చెక్క ఎక్కడ తగులుతోందో తెలియాలంటే అరచేతికి సుద్దపొడి రాసి పట్టుకుని వదలండి. పొడి అంటని చోట ఖాళీ ఉన్నట్టు. అక్కడ రెండు ముద్దలు కలిపి వాడే ఎపాక్సీ పుట్టీ పెట్టండి, ఒక్కసారికి 1–2 మి.మీ. మించకుండా. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి కాస్త కొబ్బరినూనె రాసి, గురి పెట్టినప్పటిలా పట్టుకుని అచ్చు తీయండి. ఒక రోజంతా గట్టిపడనివ్వాలి. వర్షాకాలంలో రెండు రోజులు. తరువాత 80 నంబరు ఉప్పు కాగితంతో రుద్ది, 120 దగ్గర ఆపేయండి. నున్నగా చేయకండి, మన చెమటకి జారిపోతుంది. చూపుడు వేలు మాత్రం చెక్కకి ఎక్కడా తగలకూడదు. అక్కడ పుట్టీ పెట్టడం కాదు, చెక్కనే తీసేయాలి. వేలు పక్కన కాగితం దూరేంత సందు ఉండాలి. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు వేలు చెక్కని నెట్టిందంటే షాట్ పక్కకి పోతుంది.

అరచేతి కింది పలక చేతిని ఆనాలి, నొక్కకూడదు. దాన్ని గ్రిప్‌తో 90 డిగ్రీల కన్నా తక్కువ కోణంలో లోపలికి వంచితే ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లో (మ్యాచ్‌కి ముందు జరిగే పరికరాల తనిఖీలో) ఒప్పుకోరు.

ఇక ఇక్కడి వాతావరణం. జూన్‌లో ముసురు పట్టగానే వాల్‌నట్ చెక్క తడి పీల్చుకుని ఉబ్బుతుంది. ఏప్రిల్‌లో వదిలిన సందు పూడుకుపోయి వేలికి చెక్క తగులుతుంది. మళ్లీ ఎండలు ముదిరాక చెక్క ఆరి, బిగించిన బోల్టు వదులవుతుంది. గ్రూపు (వరుస షాట్లు పడిన గుంపు) ఉన్నట్టుండి ఒక పక్కకి జరిగితే సైట్ ముట్టుకోకముందు గ్రిప్ బోల్టు చూడండి. ఉప్పు కాగితం పట్టాక బయటపడిన పచ్చి చెక్కకి, ఎండ ఉన్న రోజుల్లో అవిసె నూనె పల్చగా రెండు పూతలు వేస్తే ఈ ఉబ్బు బాగా తగ్గుతుంది. అప్పుడూ పూర్తిగా పోదు.

ట్రిగ్గర్

నిబంధన 500 గ్రాములు. మేము సిఫారసు చేసేది 510–520. మొదటి స్టేజికి (వేలితో ట్రిగ్గర్ వెనక్కి వచ్చి ఆగే దాకా) 400 దాకా, మిగతాది రెండో స్టేజికి (అక్కణ్ణుంచి షాట్ వెళ్లే దాకా). మొదటి స్టేజి బరువుగా ఉంటే వేలు ముందుగానే పనిలో పడుతుంది, చివరి వంద గ్రాములు తెలియకుండా పడిపోతాయి. మొదటిది తేలిగ్గా, రెండోది బరువుగా ఉంటే ఆ గోడ దగ్గర వేలు ఆగి, ఒక్కసారిగా లాగేస్తుంది. కుడిచేతి వాళ్లకి గ్రూపు కింద ఎడమ పక్కకి పోతోందంటే ముందుగా అనుమానించాల్సింది ఈ లాగుడునే.

పరీక్ష బరువు ఇంట్లోనే చేసుకోవచ్చు. చిన్న సీసాలో ఇసుక పోసి, తీగ కొక్కెంతో సహా 500 గ్రాములు వచ్చేలా కంసాలి త్రాసులో తూయించండి. పెల్లెట్ లేకుండా పిస్టల్‌ని లోడ్ చేసి, గొట్టం నిట్టనిలువుగా పైకి ఉంచి, కొక్కెం ట్రిగ్గర్ మధ్యలో తగిలించి నేలమీద నుంచి మెల్లగా లేపండి. పేలకుండా బరువు లేవాలి. మ్యాచ్‌కి ముందురోజు మళ్లీ చూడండి, మరలు కదులుతుంటాయి.

డ్రై ఫైర్ మోడ్ (గాలి, పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ మాత్రమే పనిచేసే ఏర్పాటు) ఈ పిస్టళ్లలో అన్నిటికన్నా విలువైన సౌకర్యం. రోజూ 20 నిమిషాలు ఖాళీ గోడకేసి చేయండి, టార్గెట్ వద్దు. ట్రిగ్గర్ పడిన క్షణంలో ముందు సైట్ గాడిలో కదిలిందా లేదా అన్నదొక్కటే చూడండి. కదలకుండా పడటం అలవాటయ్యాకే పెల్లెట్లు తీయండి. గురిపెట్టాక 5 నుంచి 8 సెకన్లలో షాట్ వెళ్లకపోతే చేయి దించేయండి. పది సెకన్లు దాటాక కంటికి బాగున్నట్టే ఉంటుంది గానీ చేయి అప్పటికే వణుకుతుంటుంది. 60 షాట్లకి 75 నిమిషాలు ఇస్తారు, దించడానికి కావలసినంత సమయం ఉంది.

సైట్ మార్చడం దీని తర్వాతే. నల్లటి వృత్తం వ్యాసం 59.5 మి.మీ. దాని అడుగు అంచుకి ముందు సైట్‌ని ఆనించకుండా, మధ్యలో తెల్లటి పట్టీ వదిలి గురి చూడటం మేలు. నలుపు మీద నల్లటి సైట్ కలిసిపోయి మోసం చేయదు. వెనక గాడిలో రెండు పక్కలా కనిపించే వెలుగు, ముందు సైట్ వెడల్పులో సగానికి తగ్గకూడదు. పది షాట్ల గ్రూపులు రెండు కొట్టి, రెండింటి నడిమధ్యా ఒకేచోట ఉంటేనే మర తిప్పండి. షాట్లు ఎడమకి పడుతుంటే వెనక సైట్ కుడికి జరపాలి, కిందికి పడుతుంటే పైకి. ఒక్క చెడ్డ షాటుకి మర తిప్పేవాళ్లు సాయంత్రం అయ్యేసరికి పొద్దున ఎక్కడున్నారో మర్చిపోతారు.

తడి, సిలిండరు

డెల్టాలో ఈ పిస్టల్‌కి అసలు శత్రువు ఇదే. 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఘనపు మీటరు గాలిలో సుమారు 27 గ్రాముల నీరుంటుంది. 100 మి.లీ. సిలిండర్‌ని 200 బార్‌కి నింపాలంటే దాదాపు 20 లీటర్ల గాలి కావాలి. అంటే చేతి పంపుతో ఒక్కసారి నింపితే అర గ్రాము నీటిని లోపలికి తోస్తున్నాం. నెలల తరబడి అదే చేస్తే రెగ్యులేటర్ (ప్రతి షాటుకీ గాలి ఒత్తిడిని సమంగా ఉంచే భాగం) లోపల తుప్పు మొదలవుతుంది, షాట్ షాట్‌కీ వేగం మారుతుంది, గ్రూపు నిలువునా సాగుతుంది. నిలువు సాగుడికి ఊపిరి కూడా కారణమే, నిజం. కానీ బల్ల మీద చేయి ఆనించి కొట్టినా సాగుతోందంటే తప్పు గాలిది.

చేతి పంపు వాడక తప్పకపోతే, తేమ పీల్చే ఫిల్టర్ ఉన్నదే కొనండి. ఫిల్టర్ లోపలి గుళికలు రంగు మారగానే మార్చండి. యాభై అరవై స్ట్రోకులకి ఒకసారి ఆపి, పంపు చల్లబడనిచ్చి, అడుగు వాల్వు తెరిచి నీరు వదలండి. గాలి పొడిగా ఉన్న రోజు చూసి నింపండి. ఇంతకన్నా మంచిది, పొడిగాలి నింపిన స్కూబా సిలిండర్ (నీటిలో మునిగేవాళ్లు వాడేది) ఒకటి నలుగురు కలిసి పెట్టుకోవడం.

ఒక మాట గట్టిగా చెప్పాలి. రొయ్య పిల్లల ప్యాకింగ్‌కి వాడే ఆక్సిజన్ సిలిండర్లు మన దగ్గర వీధివీధికీ ఉన్నాయి. వాటితో పిస్టల్ సిలిండర్ ఎప్పుడూ నింపకండి. లోపల ఓ-రింగులకి (గాలి లీకు కాకుండా ఆపే రబ్బరు వలయాలకి) రాసిన గ్రీజు మీదికి ఒత్తిడితో ఆక్సిజన్ వెళ్తే అంటుకుని పేలుతుంది. వెల్డింగ్ షాపు గ్యాసులూ వద్దు. పొడి గాలి తప్ప ఇంకేదీ దాంట్లోకి వెళ్లకూడదు.

నిండు సిలిండర్‌ని ఎండలో నిలిపిన కారులో వదలకండి. 20 డిగ్రీల దగ్గర 200 బార్ ఉన్నది 50 డిగ్రీలకి 220 అవుతుంది. రోహిణి కార్తెలో మూసిన కారు లోపల అంత వేడి మామూలే. గేజ్ 70–80 బార్‌కి దిగేసరికి మళ్లీ నింపండి. రెగ్యులేటర్‌కి చాలినంత ఒత్తిడి లేకపోతే షాట్లు ఒక్కొక్కటిగా కిందికి దిగుతాయి. కొత్తవాళ్లు అప్పుడు సైట్ పైకి జరుపుతారు, నింపాక అన్నీ పైకి పోతాయి.

నర్సాపురం, ఉప్పాడ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి ఇంకా తొందరగా పట్టేస్తుంది. ప్రతిసారీ ఇనుప భాగాలు పొడిగుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాసిన గుడ్డతో మరోసారి తుడవండి. గొట్టంలో, గాలి వెళ్లే దారిలో నూనె వద్దు. ఓ-రింగులకి కంపెనీ చెప్పిన గ్రీజు మాత్రమే. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు ఉంచి, నెలకోసారి మార్చండి.

పెల్లెట్ల మీద ఇంటర్నెట్‌లో జరిగే చర్చ ఎక్కువ, ఫలితం తక్కువ. 0.45 నుంచి 0.53 గ్రాముల చదును తల మ్యాచ్ పెల్లెట్లు తీసుకోండి. 4.49, 4.50, 4.51 తల సైజుల్లో పిస్టల్‌ని వైస్‌లో బిగించి పదేసి కొట్టి, బాగా పడింది ఉంచుకోండి. మూత తీసిన డబ్బాలో సీసం మీద తెల్లటి పొడి పడుతుంది. అవి వాడకండి. గాలి చొరని డబ్బాలో పెట్టండి. కొట్టాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏమీ తినకండి.

మండువా ఇళ్లలో పది మీటర్ల వసారా దొరకడం కష్టం కాదు. టార్గెట్ నడిమి ఎత్తు 1.40 మీటర్లు. వెనక ఇనుప రేకుని నిలువుగా పెట్టకండి, పెల్లెట్ తిరిగి వస్తుంది. 45 డిగ్రీల వాలులో పెట్టి కింద ఇసుక తొట్టి ఉంచండి. పక్క తలుపులు గడియ పెట్టే కొట్టాలి, కళ్లద్దాలు తప్పనిసరి. టార్గెట్ మీద 1500 లక్స్ వెలుగు ఉండాలి, ఆ బల్బు ఇన్వర్టర్ మీద వేసుకోండి.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ తీసుకోవాలా అని అడుగుతారు. దాని విడుదల మెకానికల్ కన్నా తేటగా ఉంటుంది, కాదనలేం. కానీ సర్క్యూటు, బ్యాటరీ, తడిగాలి, దగ్గర్లో సర్వీసు లేకపోవడం కలిస్తే ఇక్కడ మెకానికలే నయం. ఏ పిస్టలైనా మ్యాచ్ మధ్యలో పాడవచ్చు. 2021లో టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫికేషన్‌లో మను భాకర్‌ పిస్టల్ మొరాయించి విలువైన నిమిషాలు పోయాయి, 575 పాయింట్లతో 12వ స్థానంలో ఆగింది. విడి ఓ-రింగులు, అలెన్ కీలు, రెండో సిలిండరు కిట్‌లో ఉండాల్సిందే.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు పిస్టల్ కన్నా ముందు సిలిండర్ చూడండి. తయారీ తేదీ దాని మీదే చెక్కి ఉంటుంది. చాలా కంపెనీలు పదేళ్ల గడువు ఇస్తాయి, గడువు దాటినదాన్ని మ్యాచ్‌లో ఒప్పుకోరు, ఇంట్లో నింపడమూ ప్రమాదమే. కొత్త సిలిండర్ ఖర్చు ధరలోంచి తీసేసి బేరం చేయండి.