జింజాలో నైలు మీద రాఫ్టింగ్: ఎవరికి నప్పుతుంది, ఎక్కడ ఉండాలి, ఏం చూసి బుక్ చేసుకోవాలి

ఆఫ్రికాలో రాఫ్టింగ్ అంటే చాలామంది జాంబెజీ నది పేరే చెప్తారు. విక్టోరియా జలపాతం కింద బటోకా లోయలో 1981 నుంచి రాఫ్టులు నడుస్తున్నాయి, ఆ పేరు ఊరికే రాలేదు. కానీ ఈత అంతంతమాత్రంగా వచ్చినవాళ్లు, మోకాళ్లు మొరాయించే వయసువాళ్లు, పెద్ద నీళ్లలోకి మొదటిసారి దిగేవాళ్లు నన్నడిగితే ఉగాండాలోని జింజాకే వెళ్లమంటాను. జాంబెజీలో రాఫ్ట్ దాకా చేరాలంటే నిటారుగా ఉన్న లోయలోకి దిగాలి. కంపెనీ కేబుల్ కార్ పెట్టకపోతే సాయంత్రం ఒంట్లో ఓపిక అయిపోయాక మళ్లీ అంతా ఎక్కాలి. నీటిమట్టాన్ని బట్టి అక్కడ సీజన్ మారుతుంది, వరద ఉధృతంగా ఉన్నప్పుడు ఆపేస్తారు కూడా.

జింజాలో ఆ గొడవ లేదు. విక్టోరియా సరస్సు నుంచి నైలు బయటికొచ్చే చోటే ఈ ఊరుంది. వెనకాల అంత సరస్సు ఉంది కాబట్టి ఏడాది పొడవునా రాఫ్టింగ్ నడుస్తుంది. నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. నది వెడల్పు, లోతు రెండూ ఎక్కువ కావడంతో పడితే రాయికి కొట్టుకుంటామన్న భయం తక్కువ. ఒక రాపిడ్ (నీళ్లు ఉరవడిగా, అలలతో దూకే చోటు) అయ్యాక చాలాదూరం నిదానంగా పారే నీళ్లు వస్తాయి, ఊపిరి తీసుకోవడానికి టైం దొరుకుతుంది. ఋషీకేశ్‌లో గంగ మీద చేసినవాళ్లకి ఇక్కడ మొదట ఆశ్చర్యం కలిగించేది నీటి పరిమాణమే. ఒక్క అల వచ్చి రాఫ్ట్ మొత్తాన్ని మింగేస్తుంది.

మా అక్కా బావా ఉగాండా రాజధాని కంపాలాలో ఉంటారు, బావది మందుల కంపెనీలో ఉద్యోగం. అక్కడి నుంచి జింజా 80 కిలోమీటర్లే అయినా రెండు గంటలు పట్టొచ్చు, నాలుగూ పట్టొచ్చు. లారీలు, చెరకు ట్రాక్టర్లు, మధ్యలో దూరిపోయే బోడాబోడాలు (మోటార్‌సైకిల్ టాక్సీని అక్కడ అలాగే అంటారు). మబీరా అడవికి ముందు నమవొజ్జొలో అనే చోట కారు ఆపితే చాలు, పుల్లలకు గుచ్చి కాల్చిన చికెన్, కాల్చిన అరటిపండ్లు పట్టుకుని కిటికీల్లోంచి లోపలికి చేతులు పెట్టేస్తారు. చికెన్ సంగతి ఎలా ఉన్నా ఆ అరటిపండు మాత్రం వదలొద్దు. రాఫ్టింగ్ కంపెనీలు కొన్ని పొద్దున్నే కంపాలా నుంచి తీసుకెళ్లి సాయంత్రం దింపుతామంటాయి. ఆ రోడ్డు మీద ఒకే రోజులో రానూపోనూ ప్రయాణం, మధ్యలో నది అంటే ఒళ్లు హూనం అవుతుంది. ముందురోజే జింజా చేరి పడుకోవడం నయం.

ఇప్పుడు నది గురించి. దీని కథలో సగం ఆనకట్టలదే. 1954లో ఓవెన్ ఫాల్స్ డ్యామ్ కట్టినప్పుడు నైలు మొదలయ్యే చోట ఉన్న రిపన్ జలపాతం మునిగిపోయింది. 2012లో 250 మెగావాట్ల బుజగాలి ప్రాజెక్టు వచ్చి బుజగాలి జలపాతాన్ని ముంచేసింది, ఒకప్పుడు రాఫ్టింగ్ మొదలైందే అక్కడ. 2019లో దిగువన 183 మెగావాట్ల ఇసింబా మొదలైంది. ఇన్ని పోగా మిగిలిన ముక్కలోనే ఇప్పుడు రాఫ్టులు నడుస్తున్నాయి. బుజగాలికి అనుమతి ఇచ్చినప్పుడు, బదులుగా కలగాలా, ఇటాండా జలపాతాల ప్రాంతాన్ని విద్యుత్తు కోసం ముట్టుకోబోమని ప్రభుత్వం ప్రపంచ బ్యాంకుతో ఒప్పందం చేసుకుంది. ఆ ఒప్పందం నిలబడినంత కాలమే ఈ సరదా. కాబట్టి వెళ్లాలనుకుంటే మరీ వాయిదా వేయొద్దు.

మా రోజు బుజగాలి డ్యామ్ దిగువన మొదలైంది. ముందు హెల్మెట్, లైఫ్ జాకెట్. గైడ్ ఒక్కొక్కరి జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశాడు. కాస్త కదిలినా మళ్లీ బిగించాడు. కచ్చులూరు ప్రమాదం తర్వాత మా ఇంట్లో గోదావరి లాంచీ ఎక్కాలన్నా మొదటి ప్రశ్న జాకెట్ గురించే. ఆ లాగుడు చూశాక మా బావ ముఖంలో సగం టెన్షన్ తగ్గింది. తర్వాత "మైల్డా? వైల్డా?" అని అడుగుతారు. దాన్ని బట్టి ఎవరు ఏ రాఫ్ట్‌లో కూర్చోవాలో, రాపిడ్‌లో ఏ దారిన పోవాలో తేలుతుంది. మా మేనకోడలు నన్నడక్కుండానే వైల్డ్ అని చెయ్యెత్తింది. "నువ్వు రాకపోయినా పర్లేదు మావయ్యా, ఫొటోలు తియ్యి" అంది. ఇక ఎక్కక తప్పుతుందా.

మొదటి గంట ఆట కాదు, క్లాసు. ముందుకు తెడ్డు వేయడం, వెనక్కి వేయడం, "గెట్ డౌన్" అనగానే తెడ్డు నీళ్ల వైపు పెట్టి రాఫ్ట్ అడుగున కూర్చుని తాడు పట్టుకోవడం నేర్పుతారు. నిదానంగా ఉన్న నీళ్లలో కావాలనే రాఫ్ట్‌ని బోర్లా వేస్తారు. కింద ఇరుక్కుంటే ఎటు రావాలి, కొట్టుకుపోతుంటే మోకాళ్లు ఎలా ముడుచుకోవాలి, మీదికెక్కేవాడిని జాకెట్ పట్టుకుని ఎలా లాగాలి, అన్నీ అక్కడే చేయిస్తారు. ఈ గంట తూతూమంత్రంగా అయిపోయిందంటే ఆ కంపెనీని నమ్మొద్దు. ధర కంటే ఇదే ముఖ్యం.

ఓవర్‌టైమ్ అనే రాపిడ్ కలగాలా దగ్గర వస్తుంది. గ్రేడ్ 5 (రాపిడ్ల కష్టాన్ని 1 నుంచి 6 దాకా లెక్కిస్తారు). నిజానికి చిన్న జలపాతమే. పైనుంచి చూస్తే నది ఒక గీత దగ్గర ఆగిపోయినట్టుంటుంది, అవతల ఏముందో కనపడదు. గైడ్ మాటలు ఆపేశాడు. "ఫార్వర్డ్, హార్డ్!" అన్నాడు, నాలుగు తెడ్లు వేశామో లేదో "గెట్ డౌన్!" అని అరిచాడు. ముందు కూర్చున్న మేనకోడలి హెల్మెట్ నా కాళ్లకంటే కిందికి వెళ్లిపోయింది. తర్వాత ముక్కునిండా నీళ్లు. బోర్లా పడలేదు, కానీ ఒకరిద్దరు బయట తేలారు. వాళ్లు కంగారుపడేలోపే సేఫ్టీ కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) వాడు పక్కకొచ్చేశాడు. ఈ కయాక్‌ల వాళ్లే అసలైన సర్వీసు. రాఫ్టుల కంటే ముందుపోయి కింద కాచుకుని ఉంటారు, పడినవాడు కయాక్ ముక్కు పట్టుకుంటే చాలు. వీళ్లు కాక ఫస్ట్ ఎయిడ్ సామాను, మంచినీళ్లతో ఒక పెద్ద సేఫ్టీ రాఫ్ట్ వెంట వస్తుంది. భయం వేస్తే ఏ రాపిడ్‌కి ముందైనా అందులోకి మారిపోవచ్చు, ఎవరూ వేళాకోళం చేయరు. మా బావ మధ్యలో రెండు రాపిడ్లకు అలాగే మారి, మాకంటే పొడిగా, మాకంటే ఆనందంగా కనిపించాడు.

ఇటాండా దగ్గర అందరూ దిగి నడవాల్సిందే. పై భాగం గ్రేడ్ 6, రాఫ్టుల్ని మోసుకుపోతారు. ఊళ్లో పిల్లలు తెడ్లు మోస్తామని వెంటపడతారు. ఒడ్డున నిలబడి ఆ నీళ్లని పది నిమిషాలు చూడండి, రోజు మొత్తంలో నాకు గుర్తుండిపోయింది అదే. కింద మళ్లీ ఎక్కితే వచ్చే చివరి ముక్క పేరు 'బ్యాడ్ ప్లేస్'. అక్కడ మా రాఫ్ట్ తిరగబడింది. నేర్పినట్టే జరిగింది, అంతకంటే చెప్పడానికేం లేదు.

నిదానమైన నీళ్లలో పైనాపిల్ ముక్కలు, గ్లూకోజ్ బిస్కెట్లు పంచుతారు. ఆ పైనాపిల్ రుచికి సాటి లేదు. ఎండ మాత్రం దొంగదెబ్బ తీస్తుంది. భూమధ్యరేఖ దగ్గర కదా, నీళ్ల మీద తెలియదు. సన్‌స్క్రీన్ ముఖానికి రాసుకుని తొడలు, మోకాళ్లు వదిలేసిన వాళ్లందరూ మర్నాడు వంగి నడిచారు. లెగ్గింగ్స్, పూర్తి చేతుల టీషర్ట్ మంచిది. కళ్లజోడు ఉంటే తాడు తప్పనిసరి.

మేం వెళ్లినప్పుడు రోజంతా రాఫ్టింగ్‌కి మనిషికి 140 డాలర్లు తీసుకున్నారు. భోజనం, రవాణా కలిపి. ఫొటోలు, వీడియో విడిగా. ఒడ్డున నిలబడి తీసేవాడు బాగానే తీస్తాడు, గుంపు మొత్తానికి ఒక సెట్ కొని పంచుకుంటే సరిపోతుంది. సగం రోజు ట్రిప్ కూడా ఉంది, ధరలో పెద్ద తేడా లేదు కాబట్టి నాకు అది గిట్టుబాటు అనిపించలేదు. పదేళ్ల పిల్లాడితో వెళ్లిన మా అక్క 'ఫ్యామిలీ ఫ్లోట్' తీసుకుంది. పెద్ద రాపిడ్లు తప్పించి పక్క పాయల్లోంచి తీసుకెళ్తారు. పక్షులు, చేపలు పట్టేవాళ్లు, మధ్యలో ఈతకి దూకడం. వాళ్లు మాకంటే ఎక్కువ మెచ్చుకున్నారు. నైల్ రివర్ ఎక్స్‌ప్లోరర్స్, నాలుబాలే రాఫ్టింగ్ లాంటి పాత పేర్లు చాలా ఉన్నాయి. ఏదైనా సరే, ఒక్కో ట్రిప్‌కి ఎన్ని సేఫ్టీ కయాక్‌లు వస్తాయో ముందే అడగండి.

కయాకింగ్ సంగతి వేరు. బుజగాలి డ్యామ్ వెనక నిలిచిన సరస్సు నేర్చుకోవడానికి బాగుంటుంది. మధ్యాహ్నం గాలి లేవకముందు స్టాండప్ ప్యాడిల్ బోర్డు మీద నిలబడటం మేనకోడలికి వెంటనే వచ్చేసింది, నాకు రాలేదు. కొత్తవాళ్లని రాపిడ్లలోకి తీసుకెళ్లే టాండెమ్ కయాక్ ఉంది: మీరు ముందు, శిక్షకుడు వెనక. రాఫ్ట్‌లో పదిమంది మధ్య దాక్కోవచ్చు, ఇందులో దాక్కోలేరు. బోర్లా పడితే తలకిందులుగా అతను కయాక్‌ని మళ్లీ పైకి తిప్పేదాకా ఊపిరి బిగబట్టాలి. రాఫ్టింగ్ నచ్చి, నీటి భయం పోయాకే దీని జోలికి వెళ్లండి.

ఉండటానికి రెండు దారులున్నాయి: ఊళ్లో, లేదా బుజగాలి వైపు నది ఒడ్డున. ఒడ్డున డార్మిటరీల నుంచి నదికి ఎదురుగా పెద్ద టెంట్ల దాకా దొరుకుతాయి. మేం ముందు దిగిన చోట టెంట్ బాగుంది, కానీ వేడినీళ్లు వస్తాయన్న మాట రిసెప్షన్‌లోనే మిగిలిపోయింది. పక్కనున్న బార్‌లో శనివారం పాటలు తెల్లవారుజాము దాకా మోగాయి. వారాంతంలో వెళ్లేవాళ్లు ఆ సంగతి ముందే కనుక్కోండి. కోతులు టెంట్ జిప్ తీయగలవు, అరటిపండ్లు లోపల పెట్టొద్దు. తర్వాత ఊళ్లోని గెస్ట్‌హౌస్‌కి మారాం. నది కనపడదు కానీ నిద్ర పట్టింది, నడిచి తిండికి వెళ్లొచ్చు. పెద్దవాళ్లతో వెళ్తే ఊరే మేలు.

తిండికి ఇబ్బంది లేదు. మొక్కజొన్న పిండితో చేసే పోషో చూస్తే మన సంకటి గుర్తొస్తుంది, పల్లీల పులుసుతో బాగానే దిగుతుంది. ఉప్పూకారం మాత్రం మీరు తెచ్చుకోవాల్సిందే. రోడ్డు పక్కన రోలెక్స్ అంటే చపాతీలో చుట్టిన ఆమ్లెట్. కోడిగుడ్డు తిననివాళ్లకి కికొమాండో ఉంది, అంటే చపాతీ ముక్కలు, ఉడికించిన చిక్కుడు గింజలు. చపాతీ ఇక్కడికి మనవాళ్లతోనే వచ్చింది. మెయిన్ స్ట్రీట్‌లో పాత మేడల మీద గుజరాతీ పేర్లు, కట్టిన సంవత్సరాలు ఇప్పటికీ చదవొచ్చు. 1972లో అప్పటి నియంత ఈదీ అమీన్ ఆసియావాళ్లని 90 రోజుల్లో దేశం వదలమన్నప్పుడు వాళ్లు అన్నీ వదిలి వెళ్లిన ఊరు ఇది. తర్వాత కొందరు తిరిగొచ్చారు. ఊరి దగ్గర కకీరా చక్కెర ఫ్యాక్టరీ అలాంటి గుజరాతీ కుటుంబమైన మాధ్వానీలదే.

నైలు మొదలయ్యే చోట గాంధీ విగ్రహం ఉంది. 1948లో ఆయన చితాభస్మంలో కొంత ఇక్కడా కలిపారు. చూడాల్సిందే, కానీ అక్కడి పడవ వాళ్లు మొదట చెప్పే ధర వినగానే ఒప్పుకోవద్దు. ఓవెన్ ఫాల్స్ డ్యామ్ మీద ఫొటోలు తీయనివ్వరు, ఫోన్ లోపల పెట్టుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ లేకుండా బయల్దేరొద్దు. ఉగాండాలో దిగే ఎంటెబీ ఎయిర్‌పోర్టులో అడుగుతారు, తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. మలేరియా మాత్రలు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి. డాలర్ నోట్లు కొత్తవే తీసుకెళ్లండి. పాత సిరీస్ నోట్లు తీసుకోరు, చిన్న నోట్లకి తక్కువ రేటిస్తారు. ఆ నీళ్లలో బిల్‌హార్జియా ఉంటుంది. అది నత్తల ద్వారా వచ్చే పురుగు, ఒంటికి వెంటనే ఏమీ తెలియదు. కొన్ని వారాలయ్యాక దానికి ప్రాజిక్వాంటెల్ అనే మాత్ర వేసుకోమంటారు. కంపాలా మందుల షాపుల్లో తేలిగ్గా దొరుకుతుంది, డోసు బరువును బట్టి ఉంటుంది కాబట్టి డాక్టర్‌ని అడిగి అక్కడే కొని తెచ్చుకోండి.