అడ్వాన్స్‌డ్ డైవింగ్ కోర్సు: వెంటనే చేరడం మేలా, కొన్నాళ్లు ఆగడం మేలా?

స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు అయ్యీ అవగానే ఇన్‌స్ట్రక్టర్ అడుగుతాడు, "అడ్వాన్స్‌డ్ కూడా చేసేస్తారా?" అని. నిబంధనల ప్రకారం అడ్డేమీ లేదు. డైవింగ్ నేర్పి కార్డులిచ్చే సంస్థల్లో ఒకటైన ప్యాడీ పద్ధతిలో మర్నాడే చేరిపోవచ్చు. మొత్తం ఐదు డైవ్‌లు. వాటిలో లోతు డైవ్, దిక్సూచితో దారి పట్టుకునే డైవ్ తప్పనిసరి. మిగతా మూడూ మన ఇష్టం. చివర్లో రాత పరీక్ష కూడా ఉండదు. కాబట్టి చేరనిస్తారా లేదా అన్న బెంగ అక్కర్లేదు. అప్పుడే చేరితే మనకు ఎంత ఒంటబడుతుందన్నదే చూసుకోవాలి.

వెంటనే చేరడంలో లాభం లేకపోలేదు. నేర్చుకున్నది ఇంకా మరిచిపోం, పైగా మరో ఐదు డైవ్‌లు ఇన్‌స్ట్రక్టర్ కళ్ల ముందే జరుగుతాయి. ఏడాదికోసారి సెలవుల్లో మాత్రమే నీళ్లలో దిగేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. "అనుభవం వచ్చాక చేద్దాంలే" అని వాళ్లు ఆగితే అనుభవం రాదు సరికదా, వచ్చింది కూడా మరిచిపోతారు.

చిక్కల్లా లోతు దగ్గర వస్తుంది. ఓపెన్ వాటర్ పరిమితి 18 మీటర్లు, అడ్వాన్స్‌డ్‌ది 30. ఆ 12 మీటర్ల తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, 30 మీటర్ల దగ్గర ఒత్తిడి ఉపరితలానికి నాలుగు రెట్లు. సిలిండర్ కూడా ఆ లెక్కనే ఖాళీ అవుతుంది. ఒంట్లో చేరిన నైట్రోజన్ పోవడానికి దారిలో తప్పనిసరిగా ఆగాల్సిన పని లేకుండా పైకి రావాలంటే, ప్యాడీ పట్టిక ప్రకారం మామూలు గాలి పీలుస్తూ 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు ఉండొచ్చు. 30 దగ్గర 20 నిమిషాలే. దానికి తోడు నైట్రోజన్ మత్తు, అంటే ఒత్తిడిలో పీల్చిన నైట్రోజన్ వల్ల బుర్ర మందగించడం. 30 మీటర్ల ప్రాంతంలో కొందరికి గేజ్ మీద అంకె కనిపిస్తున్నా బుర్రకెక్కదు.

ఇక నాలుగు సముద్ర డైవ్‌లు మాత్రమే చేసినవారిని నీటి అడుగున గమనించండి. మునిగిపోతున్నాననిపించి బీసీడీలోకి (గాలి నింపి, వదిలి తేలడాన్ని సర్దుకునే జాకెట్) కాస్త గాలి నింపుతారు, పైకి తేలుతున్నట్టు తెలియగానే వదిలేస్తారు, మళ్లీ నింపుతారు. మధ్యలో చేతులు ఆడిస్తూనే ఉంటారు. దిక్సూచి పాఠంలో ఇంకా తమాషా: ముల్లు వంక కన్నార్పకుండా చూస్తూ చతురస్రం గీయబోయి, తెలియకుండానే రెండు మూడు మీటర్లు పైకి వెళ్లిపోతారు. దిశ కుదిరితే లోతు తప్పుతుంది, లోతు చూసుకుంటే దిశ తప్పుతుంది. బాయన్సీ, అంటే మునగకుండా తేలకుండా ఒకే లోతులో నిలవడం, అలవాటైన వాళ్లకైతే అదే పాఠం హాయిగా సాగుతుంది, నేర్పింది నేర్పినట్టు ఎక్కుతుంది.

డైవింగ్ నేర్పే మరో సంస్థ ఎస్ఎస్ఐ వాళ్లు, అనుభవం వచ్చేదాకా ఆగే ఈ ఓపిక బాధ్యతను తామే తీసుకున్నారు. వాళ్ల అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ కార్డు రావాలంటే నాలుగు స్పెషాలిటీలు (ఒక్కో అంశం మీద విడి కోర్సులు), 24 డైవ్‌లు ఉండాలి. ఐదు డైవ్‌ల కోర్సు వాళ్లకూ ఉంది, దాని పేరు అడ్వాన్స్‌డ్ అడ్వెంచరర్.

నన్నడిగితే, తరచూ నీళ్లలో దిగే వీలున్నవాళ్లు పదిహేను ఇరవై డైవ్‌ల దాకా ఆగడమే మంచిది. అంకె కన్నా నమ్మదగిన కొలత ఒకటుంది: డైవ్ చివర 5 మీటర్ల దగ్గర ఆగే మూడు నిమిషాలు. తాడు పట్టుకోకుండా, చేతులు ఆడించకుండా, ఊపిరితోనే ఉన్నచోట నిలబడగలుగుతున్నారా? అయితే ఎనిమిదో డైవ్‌కే చేరినా ఫర్వాలేదు. లేకపోతే ముప్పయ్యో డైవ్ అయినా తొందరే.

సెలవులు తప్ప వేరే దారి లేనివాళ్లు వెంటనే చేరిపోండి, కానీ రెండు షరతులు పెట్టండి. ఎంచుకునే మూడింటిలో బాయన్సీ డైవ్ ఉండాలి, అదీ లోతు డైవ్ కన్నా ముందు జరగాలి. రెండు రోజుల్లో ముగించేద్దామంటే మూడు రోజులు అడగండి. బృందంలో ఎంతమందో కూడా డబ్బు కట్టకముందే తెలుసుకోండి.

పన్నెండు మీటర్లలో పగడాలు, చేపలు చూస్తే చాలనుకునేవాళ్లకు అసలీ టెన్షన్ అక్కర్లేదు. వెలుతురూ రంగులూ ఎక్కువగా ఉండేది పైనే. లోతున ఉన్న ఓడ శిథిలమేదైనా చూడాలన్న కోరిక పుట్టినప్పుడు చేరొచ్చు. ఆలోగా నీళ్లలో దిగకుండా ఏడాది గడిచిపోతే మాత్రం ముందు ఒక రిఫ్రెషర్ డైవ్ చేసి, ఆ తర్వాతే కోర్సులో పేరివ్వండి.